గ్రాముల్లో కోపం

పుట్టుకతోనే ఒక రంగు కనిపించని మనిషికి, అది తనకు కనిపించడం లేదని ఎప్పుడు తెలుస్తుంది? ఎవరు చెబితే తెలుస్తుంది? చెప్పినా నమ్ముతాడా? కళ్ళ గురించీ వెలుగు గురించీ దొరికిన పుస్తకాలన్నీ చదివాను. ఈ ప్రశ్నకి మాత్రం ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. అడుగుదామంటే మా అన్నయ్య లేడు. ఉన్న రోజుల్లో అడిగితే "నాకేం, శుభ్రంగా కనిపిస్తుంది" అనేవాడు.

నిజానికి నేను రాయాలనుకున్నది అన్నయ్య గురించి కాదు, వదిన గురించి. కానీ ఆయన్ని పక్కకి జరిపి ఆమె గురించి రాయడం కుదరదు. ఆమె ఆయుష్షులో ఇరవై రెండేళ్ళ సాయంత్రాలు ఆయనకి రంగుల సంగతి చెప్పడంతోనే సరిపోయాయి.

మేం ముగ్గురం ఒకే మిల్లులో పనిచేసేవాళ్ళం. నూలుకి రంగు వేసే మిల్లు అది. నేతవాళ్ళు తెల్ల నూలు పంపిస్తే, అడిగిన రంగు వేసి, ఆరబెట్టి, కట్టలు కట్టి తిరిగి పంపేవాళ్ళం. అన్నయ్య అక్కడ రంగు మాస్టారు. ఏ పొడి ఎన్ని గ్రాములు, నీళ్ళు ఎంత వేడి, ఎన్ని నిమిషాలు ఉడకాలి, అన్నీ ఆయన నోట్లోనే ఉండేవి. త్రాసు దగ్గర ఆయన చెయ్యి తప్పడం నేను ఎన్నడూ చూడలేదు. వదిన పని చివరి గదిలో. ఉత్తరం వైపు పెద్ద కిటికీ, దాని పక్కన పొడుగాటి తనిఖీ బల్ల. ఆరిన నూలు చిలపల్ని, అంటే మెలిపెట్టి మడిచిన నూలు చుట్టల్ని, ఒక్కొక్కటే విప్పి చూసి, మరకలున్నవీ చిక్కుపడ్డవీ తీసి పక్కన పెట్టాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడే. నేను నమూనాల గదిలో కూచుని, తొట్టిలోంచి దిగిన ప్రతి వాయి నుంచీ ఒక నూలు ముక్క కత్తిరించి, అట్టమీద అంటించి తేదీ రాసేవాణ్ణి. ఒక తొట్టెడు నూలుని మేం వాయి అనేవాళ్ళం.

రంగు కుదిరిందో లేదో చెప్పే హక్కు మాత్రం వదిన బల్ల దగ్గర లేదు. అది మాస్టారిది. రంగు వేసేదీ ఆయనే, బాగుందనేదీ ఆయనే. పరీక్ష రాసినవాడి చేతికే మార్కుల కాగితం ఇచ్చినట్టు. దశాబ్దాలుగా అలాగే నడిచింది. ఎవరికీ వింతగా తోచలేదు.

వదిన పొట్టిగా, చురుగ్గా ఉండేది. తప్పు రంగు కనిపిస్తే దాన్ని దాటి నడవలేకపోయేది. ఒకసారి ఆస్పత్రిలో ఉన్న మేనమామని చూసొచ్చింది. "ఎలా ఉన్నాడు వదినా?" అన్నాను.

"మనిషికేం, బాగానే ఉన్నాడు. గోడే బాగాలేదు. సగం గోడకి ఒక డబ్బా, మిగతా సగానికి ఇంకో డబ్బా వేశారు. పడుకున్నవాడికి ఎదురుగా అదే. ఎలా కోలుకుంటాడు?"

రంగులకి ఆమె పెట్టుకున్న పేర్లు వేరే. నానిన అట్టపెట్టె. జలుబు చేసిన ముక్కు. దెబ్బ తగిలిన రెండోరోజు. ఒక రకం నలుపుని "అబద్ధాలకోరు" అనేది, ఎండలోకి తీసుకెళ్తే అది నీలమని బయటపడుతుంది కాబట్టి. నూలు చుట్టే ఆడవాళ్ళకి ఈ పేర్లన్నీ కంఠతా వచ్చు. వాళ్ళలో ఆపకుండా మాట్లాడే ఆమె ఒకతె ఉండేది, అందరూ "రేడియో" అనేవాళ్ళు. ఆమె గది ఆ చివరినుంచి ఈ చివరికి వినపడేలా అరిచేది: "అక్కా, ఈ జలుబు ముక్కులు ఎన్ని కట్టలు కట్టమంటావ్?"

మగవాళ్ళకి ఈ గోలంతా నవ్వులాట. వాళ్ళ లెక్కలో ఉన్నవి ఆరు రంగులు. ఏడోది చెబితే చెప్పినవాళ్ళని చూసి నవ్వుతారు. "మగాళ్ళకి రంగులు పెళ్ళయ్యాకే తెలుస్తాయి, అదీ తిట్లతో పాటు" అనేవాడు యజమాని. ఆ మాట నెలకోసారైనా అనేవాడు, ప్రతిసారీ తనే ముందు నవ్వేవాడు.

ఇంట్లో సంగతి చెప్పాలి. సాయంత్రం వెలుగు పోకముందే అన్నయ్య గుమ్మం మెట్టుమీద కూచుని, చొక్కా జేబులోంచి ఖాళీ అగ్గిపెట్టె తీసేవాడు. అందులో రెండు నూలు ముక్కలుండేవి. ఒకటి కొనేవాళ్ళు పంపిన మాదిరి, రెండోది ఆ రోజు ఆయన వేసిన వాయి. రెంటినీ మోకాలిమీద పక్కపక్కన పరిచి, లోపలికి వినపడేలా అనేవాడు:

"అచ్చు గుద్దినట్టు వచ్చింది!"

వదిన చేతిలో ఏ పనున్నా వదిలేసి వచ్చేది. "ఏదీ, అచ్చు గుద్దినట్టు?"

"చూడు. రెండూ ఒకటే."

"ఇది ఇటుక. అది నాచు పట్టిన ఇటుక. మీ కళ్ళకి ఆ నాచు కనిపించడం లేదా?"

"నాచూ లేదు, గీచూ లేదు."

"అబ్బాయ్, నువ్వు చెప్పు."

నేను పుస్తకంలోంచి తల ఎత్తేవాణ్ణి కాదు. "మీ మధ్యలో నేనెందుకు వదినా?"

"మరిదిగారు జారుకున్నారండీ. ఈ ఇంట్లో మగాళ్ళకి కళ్ళు లేవో, నోళ్ళు లేవో నాకర్థం కాదు."

"సర్లే, ఉంటే గోరంత ఉందేమో తేడా" అనేవాడు అన్నయ్య, ఆమె మొహంలోకి చూస్తూ.

"గోరంతా? ఇది గోరంతా? చెయ్యంత ఉంది! చిన్నపిల్లనడగండి చెబుతుంది! రోడ్డుమీద పోయేవాణ్ణడగండి!"

"అరవకు. చుట్టుపక్కలవాళ్ళు వింటారు."

"విననివ్వండి. వాళ్ళకైనా కనిపిస్తుందేమో."

ఆయన ముక్కలు రెండూ అగ్గిపెట్టెలో పెట్టుకుని లేచిపోయేవాడు. నువ్వు చెప్పింది నిజం అని ఒక్కనాడూ అనలేదు. మర్నాడు పొద్దున మిల్లుకెళ్ళి, నోరు మెదపకుండా పాళ్ళు మార్చేవాడు. తరువాతి వాయి మాదిరితో సరిపోయేది. బల్లమీదికి అది వచ్చినప్పుడు వదిన నన్ను కిటికీ దగ్గరికి పిలిచి చూపించేది. "చూశావా? మార్చారు. మారుస్తారు గానీ ఒప్పుకోరు. ఒప్పుకుంటే ఆయన సొమ్మేం పోయిందట?"

నాకూ చిరాకేసేది. ఇద్దరిమీదా. రోజూ అదే అగ్గిపెట్టె, అదే మెట్టు, అవే మాటలు. ఒక పేజీ చదవనిచ్చేవాళ్ళు కాదు. ఆయనది మొండితనం అనుకున్నాను. ఆమెది చాదస్తం అనుకున్నాను. ఇరుగుపొరుగు మాత్రం "ఆడవాళ్ళ కళ్ళు, మగవాళ్ళ కళ్ళు అంతేగా" అని తేల్చేసేవాళ్ళు. ఆ మాట అన్నాక ఎవరూ ఇంకేమీ ఆలోచించనక్కర్లేదు. మేమూ ఆలోచించలేదు.

ఒక ఏడాది వదిన అక్కకి కడుపులో ఆపరేషన్ అయింది. సాయం ఉండడానికి వదిన తొమ్మిది రోజులు వెళ్ళింది. సరిగ్గా ఆ తొమ్మిది రోజుల్లోనే మా మిల్లుకి పెద్ద పని వచ్చింది. ఒక సినిమా హాలు కుర్చీల గుడ్డకి గోధుమరంగు నూలు, మొత్తం పదకొండు వాయిలు. అప్పుడే ఎరుపు పొడి కొత్త పీపా విప్పారు. ఆ పొడిలో బలం లేదు. అన్నయ్య ఎప్పటిలాగే గ్రాము తేడా లేకుండా తూచి వేశాడు. ఎరుపు పలచబడితే గోధుమరంగు ఏమవుతుంది? పచ్చబడుతుంది. ఎండిన ఆకులా ఒక రకం ముదురు ఆకుపచ్చ వచ్చింది.

వదిన బల్ల దగ్గర ఆ తొమ్మిది రోజులూ రేడియోని నిలబెట్టారు. ఆమె రెండోరోజే అంది, "మాస్టారూ, కాస్త ఆకుపచ్చ కొడుతోందేమో?" అన్నయ్య అదోలా నవ్వాడు. "మీ ఆడవాళ్ళకి లేనివి కూడా కనిపిస్తాయి." ఆమె నోరు మూసుకుంది. జీవితంలో ఆమె నోరు మూసుకున్న సందర్భం అదొక్కటే అయివుంటుంది. బాయిలరు దగ్గర పనిచేసే ముసలాయనా చూశాడు, తన పని కాదని ఊరుకున్నాడు. నేనూ చూశాను. ముక్కలు కత్తిరించి అట్టమీద అంటించింది నేనే. మాదిరి పక్కన పదకొండు ముక్కలు వరసగా అంటించాను, పదకొండూ ఆకుపచ్చే. అన్నయ్యకి తెలియదా, ఏదో ఉద్దేశంతోనే చేసివుంటాడు అనుకుని తేదీలు రాశాను.

వదిన తిరిగొచ్చిన మూడోరోజు సరుకంతా వెనక్కి వచ్చింది, ఒక ఉత్తరంతో సహా. ఆమె ఒక చిలప విప్పి కిటికీలోకి పట్టుకుంది. "ఇదేమిటి?" అంది.

"గోధుమరంగు" అన్నాడు అన్నయ్య.

ఆమె అరవలేదు. అరిచేంత చిన్న తప్పు కాదది. మొగుడివంకా చిలపవంకా మార్చి మార్చి చూసి, "తొమ్మిది రోజులు లేకపోతే ఇంత పని చేస్తారా?" అంది, చిన్నపిల్లాడు ఇల్లు తగలబెట్టినట్టు.

ఉత్తరంలో కొనే కంపెనీ ఒక షరతు పెట్టింది. రంగు వేసేవాడూ రంగు చూసేవాడూ ఒకరే ఉండకూడదు. చూడడానికి వేరే మనిషి, వేరే కుర్చీ, చేతిలో గుండ్రటి రబ్బరు ముద్ర ఉండాలి. ఆ ముద్ర పడని కట్ట గేటు దాటకూడదు. యజమాని కిటికీ పక్కనే కుర్చీ వేయించాడు. ఎవరు కూచోవాలన్నది ఇంకా తేలలేదు.

"ఆ కుర్చీ నాకు కావాలి" అంది వదిన ఆ సాయంత్రం.

అన్నయ్య వింతగా చూశాడు. "నీకు కుర్చీ ఎందుకు? నిలబడే చూస్తున్నావుగా?"

"అదే చెబుతున్నా. ఇరవై రెండేళ్ళ నుంచీ నిలబడే చూస్తున్నా. నేను చూసిందానికి ముద్ర పడాలి. మీ జేబులో అగ్గిపెట్టెలో కాదు, కట్టమీద."

మర్నాడు తనే మెట్లెక్కి యజమాని గదికి వెళ్ళింది. అట్టలు చూపించమంటారేమోనని నన్నూ వెంట తీసుకెళ్ళింది. యజమాని చెడ్డవాడు కాదు. ఆమెని కూర్చోమన్నాడు, మంచినీళ్ళు తెప్పించాడు.

"నీకు చూపుందమ్మా, నేను కాదనడం లేదు. కానీ అది పనితనం అనలేం కదా? ఆడవాళ్ళకి పుట్టుకతో వచ్చేదే అది. మా ఆవిడకీ ఉంది. ఆవిడకీ కుర్చీ వేయాలా?"

"మీ ఆవిడగారు రోజుకి నాలుగొందల చిలపలు చూస్తారా అండీ?"

"అబ్బే, అలా కాదమ్మా..."

"మరి పదకొండు వాయిలు పచ్చబడితే మాస్టారికి కనబడలేదు కదండీ?"

"మగాడు కదమ్మా! మగాళ్ళకి అంత పట్టింపు ఉండదు. అది తప్పెలా అవుతుంది?"

వదిన గబగబా మెట్లు దిగి తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆ మాటలు మింగుడుపడలేదు. అన్నయ్యకి తెలియకపోతే తప్పు కాదట, మగాడు కాబట్టి. వదినకి తెలిస్తే గొప్ప కాదట, ఆడది కాబట్టి. సగం జీవితం నిలబడి సంపాదించుకున్న చూపుని ఎంత తేలిగ్గా ఆమె చేతిలోంచి తీసుకుని, పుట్టుకతో వచ్చిందని పేరు పెట్టేశాడు!

పది రోజుల తరువాత కంపెనీ మనిషి ఒకాయన చిన్న పెట్టె పట్టుకుని వచ్చాడు. పెట్టెలో నాలుగు పొడుగాటి పళ్ళేలు, ఒక్కో పళ్ళెంలో సీసా మూతలంత గుండ్రటి రంగు బిళ్ళలు ఉన్నాయి. ఈ చివరి రంగు నుంచి ఆ చివరి రంగుకి కొద్దికొద్దిగా మారుతూ వెళ్ళేలా బిళ్ళల్ని వరసగా పేర్చాలి. అడుగున అంకెలుంటాయి, తిరగేస్తే ఎవరెక్కడ తప్పారో తెలుస్తుంది. ఇష్టమున్నవాళ్ళెవరైనా కూచోవచ్చన్నాడు. వదిన బల్లమీదే పెట్టారు, అక్కడ వెలుగు బాగుంటుందని. అన్నయ్య కూచుంటానన్నాడు. "మీకెందుకు మాస్టారూ?" అని ఎవరో అంటే, "నాకేం భయమా?" అన్నాడు.

బాయిలరు ముసలాయన సరదాకి కూచున్నాడు. ఒక్క తప్పూ లేదు. అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. ఆయన చేతులు తుడుచుకుంటూ, "మంట రంగు చూసి బొగ్గేసినోణ్ణి నేను. నాలుగు దశాబ్దాలు. దాంట్లో లేని రంగుందా?" అన్నాడు. నేనూ కూచున్నాను, మూడుచోట్ల తప్పాను. ఆడవాళ్ళలో రేడియో ఎనిమిదిచోట్ల తప్పింది. "బిళ్ళలు కదులుతున్నాయండీ, నేను చూస్తుంటేనే కదులుతున్నాయి!" అని దెబ్బలాడింది. "పుట్టుకతో వచ్చేదన్నారు, నాకు ఇవ్వడం మర్చిపోయారా ఏం?" అని యజమానివైపు తిరిగింది. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు, ఆ మాట ఎవరిదో మర్చిపోయినట్టు.

వదిన ఒకేచోట తప్పింది. రెండు నీలం బిళ్ళలు అటూ ఇటూ అయ్యాయి. ఆ రెండు బిళ్ళలూ ఆమెని నేటికీ వదల్లేదు. కిందటేడు కంటిపొర తీయించుకున్నాక నాకు ఫోన్ చేసింది: "అబ్బాయ్, నీలం ఇంత నీలంగా ఉంటుందా? ఆ పెట్టె మనిషిని పిలువు. ఇప్పుడు పెట్టమను."

అన్నయ్య అందరికంటే తొందరగా పేర్చాడు. ఎక్కడా తడుముకోలేదు. లేచి నిలబడి చొక్కా సర్దుకున్నాడు. మూడో పళ్ళెం చూడగానే చుట్టూ ఉన్నవాళ్ళు ముందుకి వంగారు. ఎర్రటి బిళ్ళ పక్కన ఆకుపచ్చ బిళ్ళ, దాని పక్కన మళ్ళీ ఎరుపు, ఎంతో పొందిగ్గా ఉన్నాయి. తొందరలో జరిగిన పొరపాటు అలా ఉండదు. ఆయనకి అది నిజంగానే వరస.

కంపెనీ మనిషి గొంతు తగ్గించి చెప్పాడు. పన్నెండు మంది మగవాళ్ళలో ఒకరికి ఇలా ఉంటుందట. ఎరుపూ ఆకుపచ్చా విడిగా తెలియవట. ఆడవాళ్ళలో చాలా అరుదట. "మిగతా మగవాళ్ళకి మీరనుకునేంత తేడా ఏమీ ఉండదండీ. ఉన్నదంతా అలవాటే. చూశారుగా మీ బాయిలరాయన్ని." నివేదికలో తనిఖీ బల్ల దగ్గరి ఆవిడనే కూచోబెట్టమని రాస్తానని కూడా అన్నాడు.

వదిన ఇదేదీ వినలేదు. ఆ మూడో పళ్ళేన్నే చూస్తోంది.

ఆ సాయంత్రం అగ్గిపెట్టె బయటికి రాలేదు. వదిన గుమ్మంలో నిలబడి అడిగింది.

"మీకు కనిపించదా?"

"కనిపిస్తుంది."

"ఏం కనిపిస్తుంది?"

"అన్నీ కనిపిస్తాయి. మీకు ఎక్కువ కనిపిస్తాయి, మాకు తక్కువ. మగాళ్ళందరికీ అంతేగా?"

"మీ తమ్ముడు మగాడు కాదా? అబ్బాయి తప్పింది మూడుచోట్లే. బాయిలరాయన మగాడు కాదా?"

అన్నయ్య చొక్కా జేబు తడుముకున్నాడు.

"కనిపించకపోతే ఇన్నేళ్ళు పాళ్ళెలా మార్చారు? మర్నాటికి సరిపోయేది కదా? ప్రతిసారీ సరిపోయేది!"

ఆయన కొంచెం ఉత్సాహంగానే చెప్పాడు, తన పనితనం గురించి ఎవరో ఇన్నాళ్ళకి అడిగినట్టు. "నువ్వు చెబుతావుగా. నాచు అన్నావంటే ఎరుపు కలపాలి. జలుబు అన్నావంటే తగ్గించాలి. ఎంత అనేది నీ గొంతుని బట్టి. గొణిగితే మూడు గ్రాములు. గట్టిగా అంటే ఆరు. వీధిలోకి వినపడేలా అరిచావంటే పది. నేనెప్పుడూ తప్పలేదు."

వదిన గుమ్మానికి ఆనుకుంది. నా పుస్తకం ఒళ్ళోనే మూసుకుపోయింది.

"మరి అవునని ఒక్కసారి అనొచ్చుగా? నువ్వు చెప్పింది నిజమే అని, ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి?"

"అవునంటే నువ్వు అక్కడితో ఆపేస్తావు" అన్నాడు, ఇంత సులువైన సంగతి ఎందుకు అర్థం కాదన్నట్టు. "కాదంటేనే కదా కోపం వచ్చేది. కోపం రాకపోతే ఎంత తేడా ఉందో నాకెలా తెలుస్తుంది?"

ఆయన ఆమెని ఏడిపించాలని అలా చేయలేదు. నాకు తెలుసు. ఆయన చేతికి ఒక త్రాసు దొరికింది, వాడుకున్నాడు. కానీ వదిన మొహం చూశాక నేను లేచి బయటికి వెళ్ళిపోయాను. ఎన్ని సాయంత్రాలు ఆమె గొంతు చించుకుంది! మొండివాడికి నచ్చజెబుతున్నాననుకుంది. తనకి నోరెక్కువని మా అమ్మ చేత అనిపించుకుంది, ఇరుగుపొరుగు చేత అనిపించుకుంది. నేనూ అన్నాను. చివరికి ఆ కోపమంతా గ్రాములుగా మారి తొట్టిలో కలిసిపోయిందన్నమాట. వేసినవాడికి పేరొచ్చింది.

మర్నాడు పొద్దున్నే యజమాని అందర్నీ కిటికీ దగ్గరికి పిలిచాడు. ఆలోచించి ఒక మంచి ఏర్పాటు చేశానన్నాడు. ఇక నుంచి తొట్లు మాస్టారి కింద పనిచేసే రెండో మనిషి చూసుకుంటాడు. మాస్టారు పెద్దవారయ్యారు, ఇంత సేవ చేశారు, ఆ కుర్చీలో ఆయనే కూచుంటారు.

"ఆయనా?" అంది రేడియో పైకే.

"పూర్తిగా వినండి. ఈ అమ్మ పక్కనే నిలబడి చూసి చెబుతుంది. ముద్ర మాస్టారు వేస్తారు. మొగుడూ పెళ్ళాం కలిస్తే ఒక మనిషే కదా? కంపెనీవాళ్ళు చెప్పినట్టు వేరే కన్నూ ఉంటుంది, మాస్టారి మర్యాదా ఉంటుంది. ఇంట్లో ఎలాగూ జరిగేదే కదమ్మా!"

వదిన అన్నయ్యవైపు చూసింది. మేమందరం చూశాం. ఆయన ఒక్క మాట అంటే చాలు. కుర్చీ ఆవిడకి ఇవ్వండి అని మూడు మాటలు. ఆయన గొంతు సవరించుకున్నాడు. "మీరెలా అంటే అలాగే సార్" అన్నాడు. అని కుర్చీలో కూచున్నాడు. ఎత్తు సరిపోయిందో లేదో చూసుకుంటున్నట్టు ఒకసారి అటూ ఇటూ కదిలాడు.

మొదటి చిలప తెచ్చి బల్లమీద పెట్టారు, మాదిరితో సహా. ముదురు ఎరుపు కావాలి. అందరి వెనక నిలబడ్డ నాకు కూడా తెలుస్తూనే ఉంది, అది కుదరలేదు. ఎరుపు చచ్చి మట్టి తేలింది.

అన్నయ్య ముద్ర చేతిలోకి తీసుకుని సిరా అద్దాడు. రెంటినీ పక్కపక్కన పెట్టి, ఎప్పటిలాగే అన్నాడు: "అచ్చు గుద్దినట్టు వచ్చింది. ఏమంటావ్?"

వదిన చిలప అందుకుని కిటికీలోకి పట్టుకుంది. తిప్పి చూసింది. మాదిరి చూసింది. ఎన్నడూ చూడనంతసేపు చూసింది. తరువాత ఆయనవైపు తిరిగింది.

ఆ మొహంలో ఏమీ లేదు. కనుబొమలు ముడిపడలేదు. పెదవి బిగించలేదు. అన్నయ్య ఆ మొహంలోకి చూస్తూ కూచున్నాడు.

"గోరంత తేడా ఉందేమో?" అన్నాడు.

ఆమె పలకలేదు.

"లేదంటావా?"

పలకలేదు. ముద్ర గాల్లోనే ఉంది. సిరా ఆయన వేళ్ళకి అంటుకుంటోంది. యజమాని ఒక కాలిమీంచి ఇంకో కాలిమీదికి మారాడు. అన్నయ్య గొంతు తగ్గించాడు. అంతమంది మధ్య ఆయన అలా బతిమాలడం నేను చూడడం అదే మొదటిసారి.

"ఏదో ఒకటి అనవే. తిట్టయినా తిట్టు."

వదిన చిలపని వచ్చినట్టే మెలిపెట్టి, మడిచి, మాదిరి పక్కన ఆయన ముందు పెట్టింది. ఏప్రన్ ముడి విప్పి బల్లమీద పడేసింది. మూలనున్న భోజనం డబ్బా తీసుకుంది. నూలు చుట్టే యంత్రాల మధ్యనుంచి నడిచింది. "అక్కా, ఎక్కడికి? అక్కా!" అని రేడియో వెంటపడింది. ఆమె వెనక్కి తిరగలేదు. నా ముందునుంచే వెళ్ళింది, నావంక కూడా చూడలేదు. నేను కిటికీ దగ్గరికి పరిగెత్తి బయటికి చూశాను. ఆవరణ దాటింది. గేటు దగ్గర కాపలాదారు ఏదో అడిగితే డబ్బా చేతులు మార్చుకుంది, ఆగలేదు. గేటు బయట కుడివైపు వెళ్తే మా ఇల్లు. ఆమె ఎడమవైపు తిరిగింది. అటువైపు ఉన్నది ఇంకో రంగుల మిల్లు ఒక్కటే.